బడి పద్దులో తల్లి సంతకం

ఈ వారం నేను మాట్లాడబోయేది సర్కారు బడి జమాఖర్చుల గురించి. "ఇదేమిటమ్మా, ఊరగాయో వడియాలో చెప్పవలసిన వేళకి ఆడిట్ గోల తెచ్చిపెట్టింది" అని మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. అదీగాక, "మా పిల్లలు కాన్వెంటులో చదువుతున్నారు, మాకెందుకా గొడవ" అనేవారు కూడా మనలో చాలామంది ఉంటారు. కాస్త ఓపిక పట్టండి. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి పిల్లలు ఏ బడికి వెళుతున్నారు? మీ వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ పిల్లలో? ఆ బడి కమిటీలో ఆవిడే సభ్యురాలై ఉండవచ్చు. ఒకరోజు కొంగున దాచుకున్న కాగితం తీసి, "అమ్మగారూ, దీనిమీద సంతకం పెట్టమన్నారు, ఏం రాసుందో కాస్త చూసి చెప్పరూ" అని మీ ముందుకు వస్తే ఏం చేస్తారు? "నాకేం తెలుసు, పెట్టమన్నచోట పెట్టు" అనేస్తారా? అలా అనేముందు ఆ కాగితం ఏమిటో మనకి తెలిసి ఉంటే మంచిది కదూ.

2009లో పార్లమెంటు చేసిన విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలన్నంతవరకు అందరికీ తెలిసిన సంగతే. అందులోనే 21వ సెక్షన్ ఒకటి ఉంది, దాని ఊసు మనం ఎప్పుడూ ఎత్తం. ప్రభుత్వ బడికైనా, పంచాయతీ మునిసిపాలిటీల బడికైనా, ఎయిడెడ్ బడికైనా ఒక యాజమాన్య కమిటీ ఉండాలని ఆ సెక్షన్ చెబుతుంది. కమిటీలో నాలుగింట మూడు వంతులమంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యులలో సగంమంది ఆడవాళ్ళు కావాలి. ఇక ఆ కమిటీ చెయ్యవలసిన పనులలో ఒకటి ఏమిటంటే, బడికి వచ్చిన డబ్బు, అది ప్రభుత్వం ఇచ్చినా, మునిసిపాలిటీ ఇచ్చినా, మరెవరైనా ఇచ్చినా, ఎలా ఖర్చవుతున్నదో కనిపెట్టి ఉండడం.

కేంద్ర ప్రభుత్వం ఈ చట్టానికి నమూనా నియమాలు కూడా తయారుచేసింది. వాటి ప్రకారం కమిటీ చేతికి వచ్చిన డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంచాలి. ఏటేటా దాన్ని ఆడిటుకు చూపాలి. ఏడాది జమాఖర్చుల పట్టిక మీద ఛైర్‌పర్సన్ గాని వైస్ ఛైర్‌పర్సన్ గాని, వారితోపాటు కన్వీనరూ సంతకాలు చెయ్యాలి. తయారైన నెలరోజుల లోపల దాన్ని స్థానిక సంస్థకు అందజెయ్యాలి. కన్వీనరంటే మామూలుగా హెడ్మాస్టరు గారే. ఛైర్‌పర్సన్ తల్లిదండ్రులలో ఒకరు. అంటే ఏమన్నమాట? బీరువాకి రెండు తాళాలు వేసి ఒక తాళంచెవి ఉద్యోగి చేతికీ, రెండోది తల్లి చేతికీ ఇచ్చారు. ఒక్క చెవితో ఆ బీరువా తెరుచుకోకూడదు.

ఈ పద్ధతి మనకి కొత్తదేమీ కాదు సుమండీ. పాలవాడు తన పుస్తకంలో రాసుకుంటాడు, మనం క్యాలెండరు మీద గీత పెట్టుకుంటాం. నెలాఖరున రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. పండగనాడు అర లీటరు ఎక్కువ పోయించుకున్న సంగతి మనం మరిచిపోతే అతని పుస్తకంలో ఉంటుంది, వాడు రాని రోజు అతను మరిచిపోతే మన క్యాలెండరులో ఉంటుంది. మా అమ్మ చాకలి పద్దుకి ఒక నోటుబుక్కు పెట్టేది. చీరలెన్ని, పంచెలెన్ని, దుప్పట్లెన్ని అని వేసినప్పుడు ఒకసారి, తెచ్చినప్పుడు ఒకసారి రాయించేది. చాకలి మీద నమ్మకం లేక కాదు. ఇద్దరికీ తగాదా రాకూడదని. మీరు చీటీ పాట పాడి ఉంటే ఇంకా బాగా తెలుసు. ఆడిటర్లు బ్యాంకు రికన్సిలియేషన్ అని పెద్ద పేరు పెట్టి పిలిచేది కూడా మన పాల లెక్క వంటిదే.

ఇంతకీ బడికి వచ్చే డబ్బెంత? జీతాలు వేరు, అవి కమిటీ చేతిమీదుగా నడవవు. 2018లో మొదలైన సమగ్ర శిక్ష పథకంలో బడి నిర్వహణకని ఏడాదికొక గ్రాంటు ఉంది. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ముప్ఫైమంది లోపు పిల్లలున్న బడికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 మంది దాకా ఉంటే 25,000. 250 మంది దాకా 50,000. వెయ్యిమంది దాకా 75,000. వెయ్యి దాటితే లక్ష రూపాయలు. మన రాష్ట్రాలలో నూటికి అరవై కేంద్రం, నలభై రాష్ట్రం భరిస్తాయి. ఈ డబ్బులోనే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, ఆటవస్తువులు, మంచినీళ్ళు, చిన్నచిన్న మరమ్మతులు అన్నీ వెళ్ళాలి. కనీసం పదో వంతు మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే చోటు వంటి శుభ్రత పనులకే పెట్టాలి. ఎనభైమంది పిల్లలున్న బడికి ఏడాదికి పాతికవేలంటే నెలకి రెండు వేల చిల్లర. మన ఇంట్లో ఒక నెల కూరగాయలకే అంత అవుతోంది. అంత చిన్న మొత్తంలో అయిదు వందలు అటూ ఇటూ అయినా ఆ ఏడాది ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు పడదు. తలుపు లేని బడికి ఎదిగిన పిల్లని ఏ తల్లి పంపుతుంది? అందుకే ఈ లెక్కలు నాకు పట్టాయి.

ఇక పుస్తకాల సంగతి. కమిటీలో ఉన్న తల్లి అడిగి చూడవలసినవి నాలుగైదు ఉన్నాయి. మొట్టమొదటిది నగదు పుస్తకం, పాతకాలం వాళ్ళు రోకడ పుస్తకం అనేవారు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. చేతిలో ఉన్న నగదుకి ఒక గడి, బ్యాంకులో ఉన్న దానికి ఒక గడి. పేజీలకి ముందే నంబర్లు వేసి, ఈ పుస్తకంలో ఇన్ని పేజీలున్నాయని మొదటి పేజీలో రాసి సంతకం చెయ్యాలి. లేకపోతే మధ్యలో కాగితం చింపినా ఎవరికీ తెలియదు. తప్పు పడితే రబ్బరు పెట్టి తుడవకూడదు, తెల్ల రంగు పూయకూడదు. తప్పు అంకె కనబడేటట్టే ఒక గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం చెయ్యాలి. మన పిల్లలు కాపీ పుస్తకంలో చేస్తే టీచరమ్మ చివాట్లు పెట్టే పని ఇక్కడ నియమం! కొట్టివేతలు ఉన్న పుస్తకాన్ని చూసి భయపడనక్కరలేదు. ఏడాది పొడుగునా ఒకే సిరాతో, ఒకే వాటంతో, ఒక్క కొట్టివేత లేకుండా ముచ్చటగా ఉన్న పుస్తకాన్ని చూస్తేనే నాకు అనుమానం వస్తుంది. అది ఆడిటుకి ముందురోజు రాత్రి కూర్చుని రాసింది కాబోలు అనిపిస్తుంది.

రెండోది ఓచర్ల ఫైలు. ప్రతి ఖర్చుకీ ఒక బిల్లు, ప్రతి బిల్లుకీ ఒక వరస నంబరు. ఆ నంబరే నగదు పుస్తకంలో ఆ పద్దు పక్కన ఉండాలి. డబ్బు ఇచ్చేశాక బిల్లు మీద "చెల్లించడమైనది" అని కొట్టెయ్యాలి. ఎందుకంటే అదే బిల్లు మళ్ళీ ఇంకో నెలలో తలెత్తకుండా ఉండడానికి. అయిదు వేలు దాటిన రసీదుకి రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. మూడోది తీర్మానాల పుస్తకం. ఏమి కొనాలో, ఎంతలో కొనాలో కమిటీ ముందు అనుకుని రాసుకున్నాక కొనాలి గాని, కొన్నాక అనుకున్నట్టు రాయడం కాదు. తీర్మానం తేదీ, బిల్లు తేదీ పక్కపక్కన చూస్తే ఆ సంగతి రెండు నిమిషాలలో తేలిపోతుంది. నాలుగోది స్టాకు రిజిస్టరు. కొన్న వస్తువు అందులోకి ఎక్కాలి. చీపురుకట్ట వంటిది వాడేస్తే అయిపోతుంది, ఫాను వంటిది అయిపోదు. రెండింటికీ విడివిడిగా పేజీలుంటాయి.

అయిదోది బ్యాంకు పాసుపుస్తకం లేదా స్టేట్‌మెంటు. నెలాఖరున నగదు పుస్తకంలోని బ్యాంకు నిల్వ, బ్యాంకు చూపించే నిల్వ ఒకటిగా ఉన్నాయా అని చూడాలి. అవి ఎప్పుడూ ఒకటిగా ఉంటాయని లేదు. మీరు ముప్ఫయ్యో తారీఖున రంగుల దుకాణానికి రెండు వేలకి చెక్కు ఇచ్చారు, అతను అయిదో తారీఖుకి గాని బ్యాంకులో వెయ్యలేదు అనుకోండి. మన పుస్తకంలో ఆ రెండు వేలు పోయాయి, బ్యాంకులో ఇంకా ఉన్నాయి. తేడా ఉండడం తప్పు కాదు. తేడా ఎందుకొచ్చిందో ఒక కాగితం మీద రాసి ఉండకపోవడం తప్పు.

మా పేటకి రెండు వీధుల అవతల ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో జరిగిన సంగతి చెబుతాను. పేరెందుకు లెండి. ఇది చెక్కులు నడిచే రోజుల నాటి మాట. ఇడ్లీ బండి నడుపుకునే ఒక తల్లి అక్కడ ఛైర్‌పర్సన్. మూడో తరగతి దాకా చదువుకుంది. సంతకం చెయ్యడం, అంకెలు కూడడం వచ్చు. మార్చి నెలాఖరున హెడ్మాస్టరు గారు హడావుడిగా బండి దగ్గరికి వచ్చి, మూడు ఖాళీ చెక్కులు ముందుపెట్టి, "సంతకం పెట్టమ్మా, బ్యాంకు మూసేస్తారు" అన్నారట. ఆవిడ చెయ్యి తుడుచుకుని వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "సారూ, నా బండికాడ అప్పు తిన్నోళ్ళ పద్దులోనే అంకె వెయ్యకుండా పేరు రాసుకోను. ఎవరికో, ఎంతో రాసి తెండి, పెడతాను" అంది. ఆయనకి కోపం వచ్చింది. "ఏమ్మా, నామీద నమ్మకం లేదా?" అన్నారు. "మీమీద నమ్మకమే సారూ. రేపు మీకు బదిలీ అయితే నేనెవర్ని అడగాల?" అంది. ఈ మాటలన్నీ తరవాత ఆవిడే నాతో చెప్పింది.

ఆయన గొణుక్కుంటూనే వెనక్కి వెళ్ళి బిల్లులు పట్టుకొచ్చారు. అందులో కుళాయిల బిల్లు ఒకటి ఉంది. నాలుగు కుళాయిలకి రాసి ఉంది. బడిలో కొత్తవి మూడే ఉన్నాయని ఆవిడ పిల్లవాడు ఇంట్లో చెప్పాడు. "నాలుగోది ఏదండీ?" అంటే, అదనంగా ఉంటుందని కొన్నారట, ఆయన బీరువాలోనే భద్రంగా ఉంది. దొంగతనం లేదు, దోపిడీ లేదు. కానీ స్టాకు రిజిస్టరులో ఎక్కలేదు. ఆ రోజే ఎక్కించారు. మరుసటి ఏడు ఆయనకి నిజంగానే బదిలీ అయింది. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు గారు రిజిస్టరు చూసి వస్తువులు లెక్కపెట్టుకుని సంతకం చేసి పుచ్చుకున్నారు. ఆ కుళాయి పద్దులో లేకుండా ఉంటే, పాతాయన పింఛను కాగితాలు కదిలే వేళకి ఎవరో ఒక ఆడిటరు "నాలుగో కుళాయి ఎక్కడ?" అని రాసి పెడితే, ఆయన జవాబు వెతుక్కుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగేవారు.

హెడ్మాస్టర్ల మీద నాకేదో అనుమానమని మాత్రం అనుకోకండి. చిన్న బడులలో గుమాస్తా ఉండడు. పాఠం చెప్పేదీ ఆయనే, మధ్యాహ్న భోజనం బియ్యం తూచేదీ ఆయనే, పద్దు రాసేదీ ఆయనే. గ్రాంటు చూస్తే ఏడాది చివరికి గాని దిగదు, దిగాక ఫలానా తారీఖు లోపల ఖర్చు చూపమని పైనుంచి వాయింపు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడగడం చాలాచోట్ల ఆ తొందరలో పుట్టిన అలవాటే. అయినా అది చెడ్డ అలవాటే. సంతకం చేసిన మనిషి రేపు "నాకు తెలియదు" అంటే కాగితం ఒప్పుకోదు. చదువురాని తల్లి అయినా సరే, వేలిముద్ర వేసినా సరే, బాధ్యతలో ఆవిడ భాగం ఆవిడదే.

బ్యాంకు పద్ధతి ఈ మధ్య బాగా మారింది. ఇదివరకు గ్రాంటు డబ్బు బడి ఖాతాలో వచ్చి పడేది, రెండు సంతకాల చెక్కుతో తీసేవారు. 2021 జులై 1 నుంచి కేంద్ర సాయంతో నడిచే పథకాలకు కొత్త ఏర్పాటు తెచ్చారు. ఒక్కో పథకానికి రాష్ట్రమంతటికీ ఒకే ప్రధాన ఖాతా. కింద బడులకి ఉండేవి నిల్వ లేని ఖాతాలు. అంటే బడి ఖాతాలో రూపాయి కూడా ఉండదు, ఇంతవరకు ఖర్చు చేసుకోవచ్చునని ఒక హద్దు మాత్రం ఉంటుంది. దుకాణదారుకి ఇవ్వవలసినది కంప్యూటరులో నమోదు చేసి, అచ్చు తీసిన చెల్లింపు పత్రం మీద సంతకాలు చేసి బ్యాంకులో ఇస్తే, డబ్బు ప్రధాన ఖాతా నుంచి నేరుగా దుకాణదారు ఖాతాకి వెళుతుంది. ఎందుకిలా చేశారంటే, లక్షల ఖాతాలలో కొద్దికొద్దిగా సొమ్ము మురుగుతూ ఉండేది, మరోపక్క ప్రభుత్వం వడ్డీకి అప్పు తెచ్చేది. పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, దేవుడి పటం వెనక తలా కాస్త దాచి మరిచిపోయి, పక్కింటావిడ దగ్గర చేబదులు తెచ్చుకున్నట్టన్నమాట.

ఆలోచన మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, ఏడాది చివర వాడని హద్దు వెనక్కి పోతుంది. పాసుపుస్తకంలో డబ్బు కనబడే రోజుల్లో తల్లికి "మన బడికి ఇంత ఉంది" అని తెలిసేది. ఇప్పుడు ఎంత హద్దు వచ్చిందో, ఎంత మిగిలిందో హెడ్మాస్టరు గారు కంప్యూటరులో చూసి చెబితేనే తెలుస్తుంది. అందుకని నెలనెలా సమావేశంలో ఆ అంకె అడిగి తీర్మానాల పుస్తకంలో రాయించుకోవడం మంచిది. నెలకొకసారన్నా కూడాలని నమూనా నియమాలలోనే ఉంది. చెల్లింపు పద్ధతులలో ఆ తరవాత కూడా మార్పులు వస్తూనే ఉన్నాయి. చెక్కు పోయి అచ్చు కాగితం వచ్చినా, రేపు ఇంకేదో వచ్చినా, చూడవలసినవి మాత్రం అవే: ఎవరికి, ఎంత, ఏ తీర్మానం మీద. ఇప్పుడు కొన్ని పనులకి సెల్‌ఫోనుకి అంకెలు వస్తున్నాయి, అవి చెబితే చాలునంటున్నారు. ఫోనుకి వచ్చిన ఆ అంకె కూడా సంతకమే. ఎందుకని అడగకుండా చెప్పకూడదు.

ఆడిటు అంటే మనలో చాలామందికి పోలీసు సోదా వంటి భావం ఉంది. అది నిజం కాదు. సమగ్ర శిక్ష లెక్కలు ఏటా చార్టర్డ్ అకౌంటెంట్లు చూస్తారు. ప్రభుత్వ ధనం మీద రాజ్యాంగం ఏర్పాటుచేసిన కాగ్ వారి తనిఖీ ఉండనే ఉంది. వీళ్ళు రాసేదాన్ని "అభ్యంతరం" అంటారు. అభ్యంతరం అంటే నేరం కాదు, జవాబు చెప్పవలసిన ప్రశ్న. బిల్లు చూపిస్తే తీరిపోయేవే ఎక్కువ. ఇవన్నీ కాగితం చూసే తనిఖీలు. కాగితం మీద ఫాను తిరుగుతుంది, గదిలో తిరుగుతోందో లేదో ఢిల్లీలో కూర్చున్నవారికి ఎలా తెలుస్తుంది? దానికే సామాజిక తనిఖీ అని ఒకటి వచ్చింది. ఉపాధి హామీ పనులలో దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. 2009లో దీనికోసం విడిగా ఒక సంస్థనే పెట్టారు. ఊరి మధ్య అందరినీ కూర్చోబెట్టి పద్దు పైకి చదువుతారు, "ఈ పని జరిగిందా?" అని అడుగుతారు. మధ్యాహ్న భోజనానికీ, బడి గ్రాంటుకీ కూడా ఈ పద్ధతి వర్తింపజేశారు. అక్కడ చదువు అక్కరలేదు, కళ్ళుంటే చాలు. అటువంటి సభకి తల్లులు వెళ్ళకపోతే లోటు ఇంక దేనితోనూ తీరదు.

మన రెండు రాష్ట్రాలలోనూ తల్లుల చేతికి పనులు అప్పగించడం పెరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన మన బడి నాడు-నేడు మొదటి విడతలో పదిహేను వేల పైచిలుకు బడుల మరమ్మతులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, పొదుపు సంఘాల సమాఖ్య అధ్యక్షురాలిని వాటికి అధ్యక్షురాలిని చేశారు. సంఘంలో పదేళ్ళు వాయిదాలు కట్టించిన ఆడవాళ్ళకి పద్దు రాయడం ఒకరు నేర్పనక్కరలేదు. వాళ్ళకి కావలసింది పుస్తకం ముందుకు జరపడం.

మనం కూడా ఒక పని చెయ్యవచ్చు. నాన్నగారి పేరున బడికి రెండు ఫాన్లు ఇవ్వాలనో, పిల్లాడి పుట్టినరోజుకి బల్లలు ఇవ్వాలనో మనలో కొందరికి ఉంటుంది. అలా ఇచ్చేటప్పుడు ఫోటో ఒక్కటే తీయించుకుని రాకండి. ఫలానా వస్తువు ఇస్తున్నామని ఒక ఉత్తరం రాసి ఇవ్వండి, స్టాకు రిజిస్టరులో ఏ పేజీలో ఎక్కించారో అడిగి చూడండి. డబ్బే ఇస్తే రసీదు పుచ్చుకోండి. మీ ఇంటికి వచ్చే ఆవిడ కమిటీలో ఉంటే, నెలకొక మధ్యాహ్నం పది నిమిషాలు ఆవిడ తెచ్చిన కాగితం చదివి పెట్టండి. మీరు ఆవిడ బదులు నిర్ణయం చెయ్యవద్దు సుమా. ఎవరికి, ఎంత, దేనికి అన్న మూడు ముక్కలు చదివి వినిపిస్తే చాలు, తక్కినది ఆవిడకి మనకన్నా బాగా తెలుసు.

పుస్తకాలు చూపించమంటే ఎవరైనా చూపించకపోతే? ముందు కమిటీ సమావేశంలో అడిగి, అడిగినట్టు తీర్మానాల పుస్తకంలో రాయించాలి. అప్పటికీ కాకపోతే మండల విద్యాధికారికి రాయాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉండనే ఉంది. ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు వరకు నగదు పుస్తకం నకలు, ఓచర్ల నకళ్ళు, తీర్మానాల నకళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంటు కావాలని తెలుగులోనే రాసి సమాచార అధికారికి ఇవ్వవచ్చు. ముప్ఫై రోజులలో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవడానికి మరో ముప్ఫై రోజులు గడువుంటుంది. అర్జీ రెండు ప్రతులు రాసుకోండి. ఒకటి అక్కడ ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకుని ఇంట్లో రేషను కార్డు పెట్టుకునే చోటే పెట్టుకోండి.